నడిమి తలుపు ఊడేంత భూకంపం కావాలి

ఆ సాయంత్రం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీరు. బీడీల చేట ముందు అమ్మ. కరెంటు కోసం చూస్తూ మంచం మీద బాపు శ్యాము. గోడకు ఒరిగి బాపమ్మ సాయవ్వ. పదో తరగతి పుస్తకం పట్టుకుని నేను. గోడకు అవతల పెద్దబాపు లక్ష్మీరాజం, పెద్దమ్మ, వాళ్ల బిడ్డ నవత. గోడ అవతలివాళ్లను లెక్కపెట్టొద్దని బాపు అంటాడు. ఇల్లు ఒక్కటే గానీ, నడిమి తలుపుకు రెండు వైపులా గడియలు పడ్డాయి. ఈ సంగతి భూమికి ఎవరూ చెప్పలేదు. అది ఏడుగురినీ కలిపి ఊపేసింది!

కాబట్టి పాఠకులారా, ధైర్యంగా చెబుతున్నాను. భూకంపం ఒక వరం! ధైర్యంగా అంటే కాగితం మీద. ఎదురుగా అయితే నాకు మాట పెగలదు.

ఇళ్లు కూల్చి ప్రాణాలు తీసే భూకంపాల సంగతి నేను మాట్లాడటం లేదు. వాటి మీద నవ్వడానికి నోరు రాదు. మా సిరిసిల్ల వైపు వచ్చినట్టు గిన్నెలు గలగలలాడించి పోయే చిన్న రకం గురించే నా వాదన.

అసలు భూకంపం ఎందుకు వస్తుంది? మీరెప్పుడైనా బిగుసుకుపోయిన చెక్క సొరుగు లాగారా? లాగుతారు, రాదు. ఇంకా లాగుతారు, రాదు. ఉన్న బలమంతా పెడితే ఒక్కసారిగా వచ్చి, మీరు వెనక్కి పడి, స్పూన్లన్నీ మీ మీద పడతాయి. భూమి లోపల జరిగేది ఇదే, స్పూన్లు తప్ప!

మన దేశమున్న నేల మొత్తం ఉత్తరం వైపు జరుగుతూనే ఉంది, గోళ్లు పెరిగేంత మెల్లగా. ఆ ఒత్తిడికి ఎక్కడో రాయి పగులుతుంది. పగులుకు రెండు వైపులా ఉన్న రాళ్లు పక్కకో, పైకో, కిందికో జరిగితే దాన్ని భ్రంశం అంటారు. జరిగిన రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇరుక్కుంటాయి. ఒత్తిడి ఆగదు, రాయి కదలదు. లోపల బిగువు పెరిగి పెరిగి, ఓర్చుకోలేని రోజున రాయి గుబుక్కున జారుతుంది. ఆ అదురే పైదాకా వస్తుంది. గోదావరి లోయలో ఇలాంటి పాత భ్రంశాలు ఉన్నాయని మా సార్ చెప్పారు. మా ఇంటి నడుమ ఒక కొత్తది ఉందని నేను చెబుతున్నాను.

అది నిరుడు పోచమ్మ పండుగ నాడు ఏర్పడింది. అన్నదమ్ములిద్దరూ కలిసి మేకను కోస్తే తలకాయ ఒక ఏడు పెద్దబాపుకు, ఒక ఏడు మాకు. నిరుడు మా వంతు. కానీ చుట్టాలొచ్చారని తలకాయ వాళ్ల పొయ్యి మీదికి పోయింది. మాకు కాళ్లు వచ్చాయి. అంతే! ఒక రాయి అటు, ఒక రాయి ఇటు.

మరి నడుమ నలిగింది ఎవరు? నేను నోరు తెరిచి మాట్లాడేది ప్రపంచంలో నవత ఒక్కదానితోనే. ఇప్పుడు అది బడిలో వేరే బెంచీ, ఇంట్లో వేరే వాకిలి. మేక మాత్రం హాయిగా పోయింది.

ఇక భూకంపం మేలు చూడండి. మాది నేత కుటుంబం. ముందు గదుల్లో సంసారం, వెనక రేకుల షెడ్డులో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. అవి ఆడినంతసేపు ఇల్లు అదురుతూనే ఉంటుంది. అదురు ఆగితేనే మాకు భయం, కరెంటు పోయిందని!

ఆ సాయంత్రం కరెంటు లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉన్నట్టుండి అరలో గిన్నెలు మోగాయి. అమ్మ చేటలో బీడీలు వాటంతట అవే దొర్లాయి. బాపమ్మ గోడకు చెయ్యి ఆనించి చూసి కేక వేసింది.

"కరెంటచ్చిందిరో! లెవ్వు శ్యామూ, సాంచెలు ఆడుతున్నై!"

గోడ అవతల పెద్దబాపు గొంతు కూడా అదే అంది. లోకమంతా భూకంపం వస్తే ఇంట్లోంచి బయటికి ఉరుకుతుంది. మా వాళ్లు బయటినుంచి ఎవరో "భూకంపం, భూకంపం" అని మొత్తుకుంటుంటే లోపలికి ఉరికారు! షెడ్డులో సాంచెలు కట్టేసిన బర్రెల్లా కదలకుండా ఉన్నాయి. కింద నేల మాత్రం ఆడుతోంది. అప్పుడు అర్థమైంది.

బాపు చేతిలో మగ్గంలో నూలు ఆడించే నాడెతో, అమ్మ బీడీల చేటతో, పెద్దబాపు టీవీ రిమోటుతో బయటపడ్డారు. టీవీ ఏమైనా పరవాలేదన్నమాట! అన్నదమ్ములు వాకిట్లో ఒకరినొకరు గుద్దుకుని, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"అన్నా, అందరు బయటికచ్చిండ్రా?"

"అచ్చిండ్రు తమ్మీ. అమ్మేది?"

తలకాయ తర్వాత ఇవే మొదటి మాటలు. ఏ పంచాయితీ పెద్దమనిషి చేయగలిగాడు ఈ పని?

ఇంతలో కోరుట్ల నుంచి మేనత్త చంద్రవ్వ ఫోన్. బాపు స్పీకర్ పెట్టాడు. కోరుట్లలో, జగిత్యాలలో కూడా అందరూ రోడ్ల మీదనే ఉన్నారట. "ఇగో, అన్న గూడ ఈడనే ఉన్నడు" అన్నాడు బాపు. అవతల అత్త కేక పెట్టింది.

"ఇద్దరొక్క దగ్గరున్నరా? అవ్వో! గయితే మీ దిక్కు మస్తు పెద్దదే అచ్చింది!"

తాటిచెట్టు దిగి వచ్చిన కల్లుగీత మల్లయ్య తాతను ఎవరో అడిగారు, నీకేమైనా తెలిసిందా అని. "నాకేం తెల్వలే. చెట్టు రోజు ఊగుతది గదా" అన్నాడు. వాకిలంతా నవ్వింది. పెద్దమ్మ చాయ్ పెడతానని లేచింది. నవత వచ్చి నా పక్కన కూర్చుంది.

"మల్ల అస్తదా?" అని ఎవరో అన్నారు.

పాఠకులారా, అప్పుడు నేను మాట్లాడాను! భ్రంశం గురించి, ఇరుక్కున్న రాళ్ల గురించి, ఆ తర్వాత వచ్చే చిన్న చిన్న అదుర్ల గురించి చెప్పాను. కాసేపు బయట ఉంటే మంచిదని సైన్స్ చెప్పింది. రాత్రి అన్నాలు కూడా ఇక్కడే కలిసి తినాలన్నది నేను కలిపాను. "అవ్వ, దీనికి నోరున్నదా!" అని బాపమ్మ బుగ్గ నొక్కుకుంది.

చాయ్ కప్పుల్లో పోసేలోపే వీధి లైటు వెలిగింది.

"కరెంటచ్చింది!"

కప్పులు అరుగు మీదే ఉన్నాయి. బాపు తన గడపలోకి, పెద్దబాపు తన గడపలోకి. భూమి కదిలినప్పుడు కూడా ఇంత వేగంగా ఉరకలేదు!

అందుకే పై అధికారులెవరైనా ఉంటే, భూమి లోపలో పైనో, వారికి నా విన్నపం. నెలకొకటి పంపండి. ఇళ్లు కూలొద్దు, ఎవరికీ దెబ్బ తగలొద్దు. ఒక్క నడిమి తలుపు గడియలు ఊడేంత చాలు. రాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు జరుగుతాయి కదా! మా ఇంట్లోవాళ్లు రాళ్లకంటే గట్టివాళ్లా?

ఆ మాటే అడుగుదామని నవత వెనకాలే వాళ్ల గడప దాకా ఉరికాను. తీరా అక్కడికి పోయేసరికి పాత రోగం, మాట రాలేదు. "పెద్దబాపూ, మల్ల అదురుతదేమో" అని మాత్రం అన్నాను.

"అదురుతనే ఉన్నది గద బిడ్డా, సాంచెలు ఆడుతున్నై. ఇంటికి పో, మీ బాపు చూస్తడు."

ఆయన భుజం పక్కనుంచి నవత చెయ్యి ఊపింది. తలుపు పడింది. గోడకు రెండు వైపులా ఇల్లు ఒకేలా అదురుతోంది. అంత మోతలోనూ గడియ పెట్టిన చప్పుడు నాకు వినబడింది.