ముసలమ్మకు మూడు రోజుల స్నానం

సోమవారం పొద్దున్న పడవ నడిపే సరంగు ఒకే ఒక్క పని మనసులో పెట్టుకుని నిద్ర లేచాడు. భార్య ఆఫీసుకు వెళ్ళగానే పడవలో నీళ్ళు పోయాలి.

ఎవరైనా పడవను నీళ్ళలో వేస్తారు గానీ నీళ్ళను పడవలో పోస్తారా అనిపించవచ్చు. చెక్క పడవల సంగతి తెలిసినవాళ్ళకు అనిపించదు. పర్యాటకులు రాని ఆరు నెలలూ పడవ ఒడ్డున దిమ్మెల మీద కూర్చుంటుంది. ఎండకు పలకలు ముడుచుకుపోయి, వాటి మధ్య దువ్వెన పళ్ళు దూరేంత సందులు పడతాయి. అలాంటి పడవను తిన్నగా నీళ్ళలోకి దింపితే గంటలో అడుక్కి పోయి చేపలకు ఇల్లవుతుంది. ముందుగానే లోపల మోకాలి లోతు నీళ్ళు పోసి మూడు రోజులు నాననిస్తే, పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుని సందులు మూసుకుపోతాయి. సరంగు తండ్రి ఏటా అలాగే చేసేవాడు.

ఆ పడవ సరంగు కంటే రెండేళ్ళు పెద్దది. పన్నెండు మంది కూర్చునే అద్దె పడవ. దాని పక్కన రాసిన పేరు ఎప్పుడో చెరిగిపోయింది. అందరూ 'ముసలమ్మ' అంటారు. ఈ ఆరు నెలల్లో ముసలమ్మకు మూడు కొత్త పలకలు పడ్డాయి, రెండు పూతలు రంగు పడింది, ఇంజను విప్పి తుడిచి మళ్ళీ బిగించారు. మిగిలింది ఈ నానబెట్టడమే.

భార్య చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అడిగింది.

"గురువారం పడవ లైసెన్సు ఇన్‌స్పెక్టరు వస్తాడు. గుర్తుందా?"

"ఎందుకు లేదు?"

"పడవ కారుతుందని రాశాడో, ఆ సాయంత్రమే హోటలాయనకు ఇచ్చేస్తా. పాపం రెండు నెలల్నుంచీ అడుగుతున్నాడు. తోటలో పెట్టుకుని బంతి మొక్కలు వేసుకుంటాడట."

"మా నాన్న పడవలో బంతి మొక్కలా!"

"పోనీ, చామంతులు వెయ్యమంటాను. అయినా కారదన్నారుగా మీరు? ఒక్క సందు కూడా లేదని ఒట్టేశారుగా?"

"లేదు. అస్సలు లేదు," అన్నాడు సరంగు. ఒట్టు వేసిన నోటితో ఇప్పుడు సందులున్నాయనీ, అవి నానితే పూడుతాయనీ చెబితే ఆమె రెండో సగం వినకుండానే హోటలుకు ఫోను చేస్తుందని అతని భయం. అందుకే ఈ పని రహస్యంగా పెట్టుకున్నాడు. ఆమె అటు వెళ్ళగానే ఇంటి వెనక ఖాళీ జాగాలోకి గొట్టం లాగి, కుళాయి తిప్పి, ముసలమ్మలో మోకాలి లోతు నీళ్ళు నింపాడు. గంటసేపు పక్కనే కూర్చుని చూశాడు. మొదట అక్కడక్కడ కారింది గానీ తర్వాత తగ్గింది. తృప్తిగా తాళ్ళు కొనడానికి బజారుకు వెళ్ళాడు.

రహస్యం అతని ఒక్కడి దగ్గరే ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఇంట్లో బావమరిది కూడా ఉన్నాడు.

బావమరిది ఎలక్ట్రీషియను. సెలవు పెట్టి అక్క ఇంటికి వచ్చి అయిదు రోజులైంది. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. వచ్చిన రోజే ఇంట్లో నాలుగు ఫ్యాన్లూ విప్పాడు. వాటిలో రెండు మళ్ళీ బిగించాడు. అందుకే అక్క అతన్ని పక్కకు పిలిచి వేరే పని అప్పజెప్పింది.

"మీ బావకు పౌరుషం ఎక్కువ, ఆయనకు తెలియనివ్వకు. రోజూ మధ్యాహ్నం పడవలోకి తొంగి చూస్తూ ఉండు. చుక్క తడి ఉండకూడదు. తడి ఉంటే చెక్క కుళ్ళిందని రాసి పారేస్తాడు ఆ ఇన్‌స్పెక్టరు."

"నువ్వు నిశ్చింతగా ఉండక్కా. పొడి బట్ట పెట్టి తుడిచినట్టు ఉంచుతాను."

మధ్యాహ్నం బావమరిది పడవలోకి తొంగి చూశాడు. చుక్క తడి కాదు, ఈత కొట్టేంత నీళ్ళు! వెంటనే తన చిన్న మోటారు తెచ్చి, గొట్టం కొసను దిమ్మెల మధ్య వదిలి, అరగంటలో మొత్తం తోడేశాడు. చివర్లో నిజంగానే పొడి బట్ట పెట్టి తుడిచాడు. బావ వచ్చేసరికి మోటారు దాచి, మంచం మీద గురక పెడుతూ పడుకున్నాడు.

సాయంత్రం సరంగు వచ్చి చూశాడు. పడవలో నీళ్ళు లేవు. కింద నేలంతా బురద.

"చచ్చాం!" అనుకుని పరుగున వెళ్ళి వడ్రంగి తాతను వెంటబెట్టుకొచ్చాడు. ముసలమ్మకు పలకలు వేసింది ఆ తాతే. విషయం వినగానే ఆయనకు కోపం ముక్కు మీదికొచ్చింది.

"నా చేతి పలక కారిందా? నలభై ఏళ్ళుగా పడవలు చేస్తున్నాను బాబూ. నీ కళ్ళు చూపించుకో ముందు."

"కళ్ళు బాగానే ఉన్నాయి తాతా, నీళ్ళే లేవు. పొద్దున్న మోకాలి దాకా పోశాను."

తాత బురదను చూశాడు, పడవను చూశాడు, సరంగును చూశాడు. తర్వాత సంచీలోంచి దూది, లప్పం తీసి, చీకటి పడేలోగా ప్రతి సందులోనూ సుత్తితో కసిగా కుక్కాడు. ఆ సుత్తి దెబ్బల్లో సగం సరంగుకు తగలాల్సినవని చూసేవాళ్ళకు అర్థమవుతూనే ఉంది.

మంగళవారం సరంగు మళ్ళీ నింపాడు. ఈసారి రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఒక్క బొట్టు కారలేదు. హమ్మయ్య అనుకుని ఇంజను నూనె కోసం వెళ్ళి నాలుగింటికి వచ్చాడు. పడవ ఎండిపోయి ఉంది. కింద బురద.

"నేను చూస్తున్నంతసేపూ కారలేదు తాతా! అటు తిరగ్గానే మొత్తం కారిపోయింది!"

"అయితే ఇది నా వల్ల కాదు," అన్నాడు తాత. "కళ్ళముందు కారే పడవలు చూశాను. ఎప్పుడూ కారే పడవలు చూశాను. మనిషి అటు తిరగ్గానే కారే పడవను నలభై ఏళ్ళలో చూడలేదు. దీనికి వడ్రంగి సరిపోడు, ఎవరైనా సిగ్గు పోగొట్టేవాళ్ళను పిలువు." అన్నాడే గానీ వెళ్ళలేదు. పరువు పోతుందని రెండోసారి దూది కుక్కాడు, దాని మీద లప్పం, ఆ లప్పం మీద ఇంకో వరస లప్పం.

ఆ రోజు భోజనాల దగ్గర సరంగుకు ముద్ద దిగలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, తండ్రి కూర్చుని చుక్కాని పట్టిన చోట బంతిపూలు ఊగుతున్నాయి. ఎదురుగా కూర్చున్న బావమరిదికీ ముద్ద దిగలేదు. రెండు రోజులుగా వాన లేదు. పడవ దిమ్మెల మీద ఉంది. అయినా మధ్యాహ్నానికల్లా నిండిపోతోంది. పైనుంచి పడక, కింది నుంచి రాక నీళ్ళెలా వస్తున్నాయి? ఎవరో పోస్తున్నారు. పడవ చెడితే లాభం ఎవరికి? బంతి మొక్కల కోసం దీన్ని అడుగుతున్నాడని అక్క అన్న ఆ హోటలాయనకే! బావమరిది పళ్ళు నూరాడు.

"ఏమైంది రా, రాయి తగిలిందా?" అంది అక్క.

"ఏం లేదక్కా. కొందరి సంగతి ఆలోచిస్తున్నా."

దొంగను పట్టుకోవడం తర్వాత, ముందు దొంగకు నీళ్ళందకుండా చెయ్యాలని అతని లెక్క. చెయ్యి కడుక్కుని వీధి చివరికి వెళ్ళి, అక్కడున్న పెద్ద వాల్వును బలం కొద్దీ తిప్పి మూసేసి వచ్చాడు. ఆ గొట్టం ఒక్క సరంగు ఇంటికే కాదు, ముప్ఫై ఇళ్ళకు వెళ్తుందన్న సంగతి అతను ఆలోచించలేదు.

బుధవారం పొద్దున్న వీధంతా ఖాళీ బిందెల చప్పుడు. సరంగు కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఇంక ఒక్కటే రోజు మిగిలింది. అతను ముందూ వెనకా చూడకుండా నీళ్ళ ట్యాంకరుకు ఫోను చేశాడు. ట్యాంకరు వీధిలోకి మలుపు తిరగడం చూసి ఆడవాళ్ళంతా బకెట్లతో ఎదురొచ్చారు. అది ఎవరి గుమ్మం ముందూ ఆగకుండా సరంగు ఇంటి వెనక్కి పోయింది.

"ఎక్కడ పొయ్యమంటారు సార్?" అన్నాడు డ్రైవరు.

"ఇదిగో, పడవలో."

డ్రైవరు గొట్టం కొసతో పడవ అంచు మీద తట్టాడు. "పడవలోనా?"

"అవును. సీట్ల దాకా పొయ్యి. ఎంత కారుతుందో నేనూ చూస్తా!"

"నాకేం సార్. మీ పడవ, మీ ఇష్టం," అని డ్రైవరు పోసి వెళ్ళిపోయాడు.

ఈ రోజు ఎక్కడికీ వెళ్ళకూడదని సరంగు పంతం పట్టాడు. స్టూలు వేసుకుని మధ్యాహ్నం దాటేదాకా పడవ వంక గుడ్లప్పగించి చూశాడు. ఒక్క బొట్టు కారితే ఒట్టు. మూడింటికి గోడ అవతల గొడవ మొదలైంది. ఎదురింటి లెక్కల టీచరమ్మ ముందు నడుస్తుండగా పదిమంది బకెట్లతో లోపలికొచ్చారు.

"ఏమయ్యా సరంగూ! మాకు మొహం కడుక్కోవడానికి చుక్క లేదు, నీ పడవకు స్నానమా?"

"అది కాదు టీచరమ్మా, అవి నానాలి..."

"మేము ఎండిపోయాం, ముందు మమ్మల్ని నానబెట్టు! పట్టండమ్మా బకెట్లు!"

సరంగు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే బావమరిది మోటారు చంకన పెట్టుకుని వచ్చాడు. సీట్ల దాకా నిండిన పడవను చూసి కేక పెట్టాడు.

"తోడండమ్మా, తోడండి! నేనూ అదే పనిమీద వచ్చా!"

"ఒరేయ్, తోడడమేంటిరా?" అన్నాడు సరంగు.

"నేనే బావా, మూడు రోజుల్నుంచీ తోడుతున్నా! ఎవడో పాపిష్టివాడు రోజూ నింపిపోతున్నాడు!"

"నింపుతోంది నేనురా!"

"నువ్వా? నీ పడవను నువ్వే ముంచుకుంటున్నావా?"

"ముంచడం కాదు, నానబెట్టడం! అయితే కారడం లేదా ఇది? ఆ బురదంతా నీ పనేనా?"

"మరి? నీళ్ళు ఎక్కడో ఒకచోట వదలాలిగా?"

సరంగుకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఈ సందట్లో ఆడవాళ్ళు వరస కట్టి తోడుకోవడం మొదలుపెట్టారు. లెక్కల టీచరమ్మ ఇంటికి రెండే బకెట్లని నియమం పెట్టింది. వాల్వు సంగతి మాత్రం బావమరిది అప్పటికి ఎవరికీ చెప్పలేదు. చెప్పే వాతావరణం కాదు.

అదే సమయానికి గేటు తెరుచుకుంది. సరంగు భార్య, ఆమె వెనక చేతిలో ఫైలుతో ఒక పొడుగాటాయన. "రేపు చూడాల్సిన మనిషి ఇవాళే వచ్చారండీ," అంటూ వస్తున్న ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. దిమ్మెల మీద పడవ. పడవ నిండా నీళ్ళు. చుట్టూ బకెట్లతో వీధి వీధంతా.

"మీరు పడవకు లైసెన్సు అడిగారా, నీళ్ళ ట్యాంకుకా?" అన్నాడు.

సరంగు భార్య మొగుణ్ణి ఒక చూపు చూసింది, తమ్ముణ్ణి ఒక చూపు చూసింది. ఇద్దరూ ఒకేసారి నేల చూశారు. ఇన్‌స్పెక్టరు వంగి పడవ కిందకి దూరాడు. ఈ చివర నుంచి ఆ చివరకు పలకలన్నీ చేత్తో తడిమాడు. చిన్న సుత్తితో కొట్టి చూశాడు. జేబురుమాలు తీసి సందుల వెంట రాసి చూసుకున్నాడు. సరంగుకు ఆ కాసేపట్లో బంతిమొక్కలు మొగ్గ తొడిగి పూత కూడా పూశాయి.

ఆయన బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ఇరవై ఏళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. లోపలికి నీళ్ళు రావని చూపించడానికి అందరూ నానా తంటాలు పడతారు. లోపల్నుంచి బయటికి కూడా రావని చూపించినవాడివి నువ్వొక్కడివే. రుమాలు చూడు, పొడిగా ఉంది. ఎవరయ్యా వడ్రంగి?"

గొడవ విని వచ్చి, గోడ పక్కన అప్పటిదాకా ముఖం చాటేసి ఉన్న తాత ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "నేనే బాబూ. నలభై ఏళ్ళు..."

ఇన్‌స్పెక్టరు అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. సరంగు దాన్ని రెండు చేతులా అందుకుని, పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాడు. తర్వాత భార్య వైపు తిరిగి గర్జించాడు.

"చెయ్యి ఫోను! ఆ హోటలాయనకు ఇప్పుడే చెప్పు. ఈ పడవ మీద ఆశ వదులుకోమను!"

"ఏ హోటలాయన?" అంది ఆమె.

"అదే, బంతి మొక్కలాయన!"

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "అలాంటాయన ఎవరూ లేరండీ. పోయినేడు సీజను మొదలైన నెలకి గానీ మీరు రంగు డబ్బా మూత తియ్యలేదు. ఈ ఏడైనా వేళకు కదులుతారని ఒక మాట అన్నాను."

సరంగు నోరు తెరిచాడు. కానీ అతని కంటే ముందు బావమరిది ముఖం పాలిపోయింది.

"అక్కా, అయితే ఇవాళ పొద్దున్న నేను హోటలుకెళ్ళి, పదిమంది ముందు కాలరు పట్టుకుని, పడవ దొంగా అని తిట్టొచ్చింది ఎవర్ని?"

సీజను మొదటి రోజు ముసలమ్మలో పన్నెండు సీట్లకు పన్నెండూ నిండాయి. అందరూ తిట్లు తిన్న ఆ హోటలాయన చుట్టాలే, ఒక్కరి దగ్గరా టికెట్టు లేదు.