ఎడమ పక్క దిబ్బ

మన సైనిక విద్యాలయం నూట పన్నెండేళ్ళుగా ఒకే ఒక్క యుద్ధాన్ని నేర్పుతోంది. ఆ యుద్ధంలో ఇంతవరకూ ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఇలాంటి రికార్డు మరే విద్యాలయానికీ లేదని ముఖద్వారం మీద ఇత్తడి అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాలకు ప్రతి శుక్రవారం పాలిష్ పెడతారు.

యుద్ధం జరిగేది రెండో అంతస్తులో, తూర్పు గదిలో, పన్నెండడుగుల ఇసుక బల్ల మీద. వ్యవస్థాపక జనరల్ గారు శత్రువును చిత్తు చేసిన మైదానానికి అది నమూనా. నీలం దారం ఏరు. పచ్చరంగు అద్దిన రంపపు పొట్టు అడవి. ఎడమ పక్కన, జానెడు ఎత్తున, దిబ్బ. ఆఖరి పరీక్షలో ప్రతి క్యాడెట్టూ కర్ర పట్టుకుని ఆ బల్ల ముందు నిలబడాలి. "ఫిరంగులెక్కడ?" అని అడుగుతారు. "ఎడమ దిబ్బ మీద సర్!" అనాలి. అన్నవాళ్ళు ఆఫీసర్లు. అననివాళ్ళు మర్నాడు పొద్దున బస్సుకు ఇంటికి. రెండో అవకాశం లేదు.

ఆ ఇసుకను చూసుకునే మనిషిని అందరూ ఇసుకాయన అంటారు. కాగితాల మీద ఆయన హోదా 'భూతల నమూనా సంరక్షకుడు, రెండో తరగతి'. మొదటి తరగతి సంరక్షకుడెవరూ ఎప్పుడూ లేరు. పొద్దున ఏడింటికల్లా వచ్చి, పూలకుండీల పిచికారీతో ఇసుక తడిపి, చిన్న తాపీతో దిబ్బను నున్నగా దిద్ది, ఏరు వదులైతే దారం బిగిస్తాడు. ముప్ఫై రెండేళ్ళుగా అదే పని. ఆయనకు ముందు వాళ్ళ నాన్న, నాన్నకు ముందు తాత అదే చేశారు. ముగ్గురూ ఆ గదిలోనే ముసలివాళ్ళయ్యారు. ముగ్గురూ ఒకే రహస్యాన్ని మోశారు.

రహస్యమేమిటంటే, ఆ దిబ్బ దిబ్బ కాదు. బూటు.

తాతగారు కొలువులో చేరిన రెండో వానాకాలంలో బల్ల ఎడమ మూల చెక్క పుచ్చి, అరచేతంత బొక్క పడింది. ఇసుక ధారగా నేల మీదికి కారసాగింది. వడ్రంగిని పిలవాలంటే మూడు సంతకాలు కావాలి. రెండు దొరికాయి. మూడో సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆగుదామని తాతగారు స్టోర్లో పడి ఉన్న ఒంటి బూటు తెచ్చి, లోపల గుడ్డలు కుక్కి, బొక్క మీద నిలబెట్టి, పైన ఇసుక కప్పాడు. సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో ఉండగానే రిటైరయ్యారు. ఆ ఏడు పరీక్షలో ఒక చురుకైన కుర్రాడు ఎత్తుగా కనపడింది కదా అని ఫిరంగుల్ని బూటు మీద పెట్టాడు. పరీక్షాధికారి ముచ్చటపడ్డారు. మరుసటి ఏడు అదే సరైన జవాబైంది. ఆ పై ఏడు పాఠమైంది. అప్పుడు నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుందని తాతగారు ఊరుకున్నాడు.

తర్వాతి కథ చరిత్ర పుస్తకాల్లో ఉంది కాబట్టి టూకీగా చెప్పుకుందాం. దిబ్బ వైశాల్యం, వాలు, స్వభావం మీద మన మేధావులు పదిహేడు గ్రంథాలు రాశారు. చీలమండ ఉన్న చోటు పెద్ద శిఖరమైంది. బొటనవేలి చోటు చిన్న శిఖరమైంది. రెండింటి మధ్య పల్లాన్ని 'నడుము' అన్నారు. ప్రస్తుత చరిత్ర విభాగాధిపతి, అందరూ చరిత్ర కల్నల్ అని పిలిచే ఆయన, ఒక్క నడుము మీదే ఆరు వందల నలభై పేజీలు రాసి, రెండో సంపుటంలో ఉన్నారు.

పట్టభద్రులు మాత్రం తక్కువ వాళ్ళా? ఒకాయన ఇసుక ఎడారిలో యుద్ధానికి వెళ్ళి, ఎడమ పక్క దిబ్బ కోసం పదకొండు రోజులు వెతికాడు. దొరికేసరికి యుద్ధం అయిపోయింది. ఆయనకు సహన పతకం ఇచ్చారు. ఇంకొకాయనకు దిబ్బ కుడి పక్కన దొరికింది. ఆయన కంగారు పడలేదు. దిబ్బ ఎడమకు వచ్చేలా మొత్తం సైన్యాన్ని వెనక్కి తిప్పి, ఎదురుగా కనపడిన నగరాన్ని మూడు గంటల్లో పట్టుకున్నాడు. అది మన రాజధానే. అయినా పట్టుకోవడం పట్టుకోవడమే కదా, ఆయన విగ్రహం స్టేషన్ ముందుంది. పదవీ విరమణ చేసినవాళ్ళు ప్రజాసేవలోకి వచ్చారు. నగర ప్రణాళిక చేపట్టినాయన ప్రతి కాలనీకీ ఎడమ పక్కన ఒక దిబ్బ పోయించాడు. మనం వాటి మీద చెత్త పోస్తున్నాం. విద్యాశాఖ చేపట్టినాయన ప్రశ్నకన్నా ముందు జవాబు నేర్పే పద్ధతి తెచ్చాడు. మనమంతా అందులో పైకొచ్చినవాళ్ళమే.

ఇంతటి సంస్థలో సిబ్బంది పిల్లలకు కూడా ప్రవేశం ఇవ్వాలని మూడేళ్ళ కిందట ఉత్తర్వు వచ్చింది. ఇసుకాయన కూతురు పరీక్ష రాసి నెగ్గింది. మూడేళ్ళు పరిగెత్తింది, పాకింది, బురదలో దొర్లింది. షూటింగులో మొదటి స్థానం, లెక్కల్లో మొదటి స్థానం. ఇసుకాయన రోజూ పిచికారీ చేస్తూ కిటికీలోంచి ఆమె కవాతు చూసేవాడు. అలాంటప్పుడు ఏరు కాస్త ఎక్కువగా తడిసేది.

ఆఖరి పరీక్షకు వారం ముందు, ఒక ఆదివారం, ఆమె ఎవరూ చేయని పని చేసింది. సిటీ బస్సెక్కి అసలు మైదానం చూడటానికి వెళ్ళింది. నూట పన్నెండేళ్ళలో విద్యాలయం నుంచి అక్కడికి ఎవరూ వెళ్ళలేదు. బల్ల ఉండగా మైదానమెందుకని పెద్దల అభిప్రాయం.

సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి గడపలో నిలబడింది.

"నాన్నా, అక్కడ దిబ్బ లేదు."

"ఏ దిబ్బ?"

"ఏ దిబ్బేంటి! నువ్వు రోజూ నీళ్ళు కొట్టే దిబ్బ."

"సరిగ్గా చూశావా? మంచులో కనపడి ఉండదు."

"దిబ్బ అంటే సూదా నాన్నా, కనపడకపోవడానికి? బస్సు డిపో ఉంది. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. నేలంతా పెనంలా చదునుగా ఉంది. బంతి వదిలేస్తే ఎటూ దొర్లట్లేదు."

ఇసుకాయన భార్య పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే అంది. "చెప్పేయండి ఇంక. సగం అదే కనిపెట్టేసింది. నాకైతే పెళ్ళైన మూడో రోజే చెప్పారుగా."

ఇసుకాయన చెప్పాడు. బూటు దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి పీట మీద కూలబడి, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మరి పరీక్షలో ఏం చెప్పమంటావ్?"

"దిబ్బ మీద అను తల్లీ. ఒక్క మాటే కదా. పట్టా చేతికొచ్చాక నీ ఇష్టం."

"పట్టా తీసుకున్న ఇన్ని వందల మందిలో ఆ తర్వాత ఇష్టం మిగిలినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

ఇసుకాయన అన్నం కలుపుతూ ఉండిపోయాడు. ఎంతసేపు కలిపాడంటే, భార్య కంచం లాగేసుకుంది. "అది మీ ఇసుక కాదు" అంది.

ఆయన బుర్రలో లెక్క సులువుగానే ఉంది. దిబ్బ ఉంటే కూతురు అబద్ధం ఆడాలి, లేదా బస్సెక్కాలి. కూతురు అబద్ధమాడదు. కాబట్టి దిబ్బే ఉండకూడదు. చదును బల్ల చూస్తే ఏ పరీక్షాధికారి మాత్రం దిబ్బ గురించి అడుగుతాడు? ఇంకేదో అడుగుతాడు. ఇంకేది అడిగినా అమ్మాయి చెబుతుంది.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం తలుపు మీద 'శుద్ధి జరుగుచున్నది' అన్న అట్ట తగిలించి, ఇసుకాయన నూట పదేళ్ళ బూటును బయటికి లాగాడు. బొక్క మీద రేకు పెట్టి మేకులు కొట్టాడు. ఇసుక పరిచి చదును చేశాడు. బూటును సంచిలో వేసుకున్నాడు.

ఆయన చేసిన పొరపాటు ఒక్కటే. పరీక్షాధికారులు బల్ల వైపు చూస్తారనుకున్నాడు.

మర్నాడు కమాండెంట్ గారు, చరిత్ర కల్నల్ గారు కుర్చీల్లో కూర్చున్నారు. ఇసుకాయన పిచికారీ పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మొదటి క్యాడెట్ వచ్చాడు. "ఫిరంగులెక్కడ?" "ఎడమ దిబ్బ మీద సర్!" చదును ఇసుక మీద చెక్క ఫిరంగుల్ని వరసగా పెట్టి సెల్యూట్ చేశాడు. ఉత్తీర్ణుడు. రెండోవాడూ అంతే. మూడోవాడు కర్రను లేని వాలు మీదుగా జాగ్రత్తగా పైకెత్తి, లేని శిఖరం దగ్గర ఆపాడు.

"నడుము మీద నిలబడితే ఏరు కనపడుతుందా?" అన్నారు కల్నల్.

"స్పష్టంగా సర్!"

"శభాష్!"

ఎనిమిది మంది వచ్చారు. ఎనిమిది మందీ దిబ్బెక్కి దిగారు. ఇసుకాయన చేతిలో పిచికారీ దానంతటదే కారుతోంది. తొమ్మిదోది ఆయన కూతురు.

"ఫిరంగులెక్కడ?"

ఆమె బల్లను చూసింది. నాన్నను చూసింది. మళ్ళీ బల్లను చూసింది.

"ఎక్కడ పెట్టినా ఒకటే సర్. నేలంతా చదునుగా ఉంది."

కల్నల్ లేచి వచ్చి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వంగారు.

"దిబ్బేదీ?"

"ఎవడు ఎత్తుకుపోయాడు?" అని కమాండెంట్ గర్జించారు.

మరుక్షణం గేట్లు మూసేశారు. సెంట్రీలు బయటికి పోతున్న ప్రతి సంచీ, ప్రతి టిఫిన్ డబ్బా తెరిచి దిబ్బ కోసం గాలించారు. ఇసుకాయన సంచి కూడా తెరిచి, అందులో బూటే ఉందని తిరిగి ఇచ్చేశారు. నేరం ఒప్పుకోవడానికి ఆయన మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"దిబ్బ ఇదే సర్."

"ఇది బూటయ్యా."

"అవున్సర్. దిబ్బంటే బూటే సర్. బొక్క పడితే మా తాత పెట్టాడు. పిల్లదేం తప్పు లేదు సర్, తీసింది నేను."

అసలు మైదానంలో కూడా దిబ్బ లేదని, ఆదివారం తను వెళ్ళి చూశానని అమ్మాయి చెప్పింది. సాయంత్రం దాకా అత్యవసర సమావేశం జరిగింది. ఇసుకాయన్ని, కూతుర్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల కల్నల్ టేపు తెచ్చి బూటు కొలిచారు. కొలిచి కళ్ళు తుడుచుకున్నారు. నడుము గురించి ఆయన రాసిన కొలతలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. చివరికి కమాండెంట్ గారు అందర్నీ పిలిచి ప్రసంగించారు.

"మన బల్ల నూట పన్నెండేళ్ళుగా క్రమశిక్షణతో ఉంది. ఏ తనిఖీలోనూ మాట పడలేదు. మైదానాన్ని ఈ నూట పన్నెండేళ్ళలో ఒక్కరు కూడా తనిఖీ చేయలేదు. అజమాయిషీ లేని నేల ఎలా తయారవుతుందో ఈరోజు మనం చూశాం. తప్పు బల్లది కాదు. నేలది! ఆ నేలను సరిదిద్దే బాధ్యతను, ఆ అక్రమాన్ని మొదట కనిపెట్టిన ఈ క్యాడెట్‌కే అప్పగిస్తున్నాను. దిబ్బ నిలబెట్టిన రోజు పట్టా. నిలబెట్టకపోతే బస్సు."

చప్పట్లు మోగాయి. ఎనిమిది మంది క్యాడెట్లు అందరికన్నా గట్టిగా కొట్టారు.

"లేని దిబ్బను కట్టమని ఉత్తర్వు రాతపూర్వకంగా ఇప్పించండి సర్" అంది అమ్మాయి.

రాసిచ్చారు. 'శిథిలమైన చారిత్రక దిబ్బ పునరుద్ధరణ' అని ఉంది. కాపలా లేక దిబ్బ శిథిలమైనందుకు ఇసుకాయనకు మందలింపు, బూటును భద్రంగా కాపాడినందుకు ప్రశంసాపత్రం, రెండూ ఒకే కవరులో అందాయి.

ఇంటికి నడుస్తుంటే ఇసుకాయన ఉండబట్టలేకపోయాడు.

"ఎందుకు ఒప్పుకున్నావే? లేదని అంత ధైర్యంగా చెప్పినదానివి."

"నువ్వు ముప్ఫై రెండేళ్ళు నీళ్ళు కొట్టావుగా నాన్నా. నేను రెండు నెలలు మట్టి కొడతా."

ఇసుకాయన ఇంటిదాకా సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నడిచాడు.

రెండు నెలల్లో దిబ్బ లేచింది. బస్సు డిపోను అవతలికి జరిపారు. ఫుట్‌బాల్ పిల్లల్ని ఇంకా అవతలికి జరిపారు. చీలమండ నుంచి బొటనవేలి దాకా కొలత తప్పలేదు. అమ్మాయి పనిలో లోపం ఉండదు. ప్రారంభం రోజున పెద్ద శిఖరం మీద ఆమెకు పట్టా ఇచ్చారు. బూటును గాజు పెట్టెలో పెట్టి, జనం చూడటానికి నడుము మీద నిలిపారు. జనం బారులు తీరారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని, లేని శత్రువు వచ్చిన దిక్కు చూపించారు.

కింద, డిపో పాత గోడ పక్కన టీ కొట్టు మాత్రం కదల్లేదు. కొట్టు నడిపే ముసలామె నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది. కార్యక్రమం అయ్యాక ఇసుకాయన, గోళ్ళలో ఇంకా మట్టి పోని కొత్త లెఫ్టినెంటు కూతురు అక్కడ టీ తాగడానికి ఆగారు.

"దిబ్బ ఎలా ఉంది పిన్నీ?" అంది అమ్మాయి. ఒక్క మనిషైనా నిజం చెబుతుందని ఆశ.

"ఎలా ఉండటమేంటి తల్లీ, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. కాస్త రంగేశారు, అంతే. మా చిన్నప్పుడు పొద్దస్తమానం దీని మీదే ఆడేవాళ్ళం. జారి జారి గౌన్లన్నీ చింపుకునేవాళ్ళం, మా అమ్మ వీపు విమానం మోత మోగించేది."

అమ్మాయి గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. ఇసుకాయన చుట్టూ చూశాడు. బెంచీ మీద టీ తాగుతున్న నలుగురూ అవునన్నట్టు తలలూపుతున్నారు. అందులో ఒకడు మోకాలి మీద పాత మచ్చ కూడా చూపించాడు.

"ఎక్కడ జారేదానివమ్మా?" అన్నాడు ఇసుకాయన. "పెద్ద శిఖరం మీదా, చిన్న శిఖరం మీదా?"

ముసలామె పాలు పొంగకుండా మంట తగ్గించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది.

"నడుము మీద" అంది.