మా లిఫ్టుకి నీలం ఫలకం

పనిచేసే లిఫ్టు కళకి శత్రువు! పూర్తి బాధ్యతతోనే అంటున్నాను. నమ్మరా? అయితే లండన్లో ఖరీదైన మేడల్లోంచి మంచి ర్యాప్ ఆల్బమ్ ఒక్కటి వచ్చిందేమో చూపించండి. రాదు. అక్కడ మీట నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది. తిట్టుకునే అవకాశమే లేనివాడికి పాట ఎక్కణ్ణించి పుడుతుంది?

కోవెంట్రీలో మా హాథోర్న్ టవర్‌కి ఆ దరిద్రం లేదు. మా లిఫ్టు ఎప్పుడో ఆగిపోయింది. మా అద్దె ఫ్లాట్లు చూసుకునే హౌసింగ్ ఆఫీసువాళ్లు తలుపు మీద "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని కాగితం అంటించారు. మేం ఇంగ్లీషువాళ్లం కదా, అవతలివాడు చింతిస్తున్నానంటే మాకే మొహమాటం వేస్తుంది. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారనుకుని అందరూ మెట్లెక్కడం మొదలుపెట్టారు.

ఆ మెట్ల మీదే మా డెల్‌రాయ్ ర్యాపర్ అయ్యాడు. పగలు బిస్కెట్ల గోడౌన్లో పని. ఇంటికొస్తూ మెట్ల మలుపులో నిలబడి ఫోన్లో పాడుకునేవాడు. అక్కడ గొంతు బాగా మోగుతుందట. లిఫ్టు పనిచేస్తే వాడా మలుపు చూసేవాడా?

తొలి ఆల్బమ్ నిండా మేమే. చెమ్మ దిగిన గోడలు, ఎంతకీ రాని బస్సు, వెనిగర్లో మునిగిన చిప్స్, డ్యూటీ దిగి యూనిఫాంలోనే నిద్రపోయే నర్సు. మొదటి పాట లిఫ్టు మీద. అది ఎనిమిదో అంతస్తు డోరీనక్క గొంతుతో మొదలవుతుంది. ఒకరోజు ఆవిడ కూరగాయల సంచులు మెట్ల మీద దింపి, రొప్పుతూ అన్న మాటలవి. వాడు ఆవిణ్ణి అడిగే పాటలో పెట్టాడు.

"దీన్ని బాగుచెయ్యనివాణ్ణి తన్నాలనుందిరా డెల్‌రాయ్. కాలే లేవట్లేదు. ఆసుపత్రివాళ్లు కొత్త మోకాలు వేస్తామని క్యూలో పెట్టారు. అది రానీ, మొదటి తన్ను ఆఫీసువాళ్లకే."

ఆల్బమ్ ఊరూరా మోగిపోయింది. లండన్ విమర్శకులు రైలెక్కి వచ్చారు. ఒకాయన లిఫ్టు మీట భక్తిగా నొక్కి, "నిజంగానే పనిచెయ్యదన్నమాట!" అని పొంగిపోయాడు. పనిచేసుంటే పాపం ఆయన రైలు ఖర్చు దండగ.

ఇంత పేరొచ్చాక ఆఫీసు ఊరుకుంటుందా? మెకానిక్‌ని పంపుతారని మీరనుకుంటున్నారు. అంత మొరటు మనుషులు కారు. గుండ్రటి నీలం ఫలకం పంపారు! ఫలానా ఆల్బమ్ ఇక్కడే పుట్టిందని దాని మీద రాయించారు. మా దేశంలో పోయిన మహానుభావుల ఇళ్లకి అలాంటివి బిగిస్తారు. లిఫ్టుకి బిగించడం సబబే, అదీ పోయిందే కదా.

"బాగుచేస్తే దాని సహజత్వం దెబ్బతింటుందండీ" అంది ఆఫీసునుంచి వచ్చిన ఫిలిప్పా.

డెల్‌రాయ్ నా చెవిలో గొణిగాడు. "నేను బాగుచెయ్యమని పాడాను బాబాయ్, పూజ చెయ్యమని కాదు."

కుర్రకారుకి కళ విలువ తెలియదు.

ఫలకం ఆవిష్కరణ కింద హాల్లోనే జరిగింది. టీ, సాసేజ్ రోల్స్, ఉపన్యాసాలు. మొదటి పాట వేశారు. డోరీనక్క గొంతు వినగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫిలిప్పా కళ్లు తుడుచుకుంటూ, "ఆవిడేరీ? వేదిక మీదికి రమ్మనండి" అంది.

ఆవిడ కొత్త మోకాలు ఇంకా క్యూలోనే ఉంది. ఆవిడ గడప దాటి చాలా కాలమైంది. తను కిందకి దిగగలదు, తిరిగి ఎక్కలేదు. బజారు లేదు, బింగో ఆట లేదు, చెల్లెలి ఇల్లు లేదు.

ఆవిడ వాటా సాసేజ్ రోల్ కాగితం ప్లేటులో పెట్టుకుని నేనే బయల్దేరాను. నేనుండేది గ్రౌండ్ ఫ్లోర్ అని మీకు చెప్పలేదు కదూ? నాకు ఆ మెట్లతో పెద్దగా పరిచయం లేదు. ఎనిమిదో అంతస్తు చేరేసరికి గోడ పట్టుకుని నిలబడ్డాను.

"అక్కా... నీ గొంతు... కళకి..."

డోరీనక్క ప్లేటు అందుకుని, గుమ్మంలో కుర్చీ వేసింది.

"ఆయాసం తీరాక చెబుదువుగాని కూర్చో తమ్ముడూ. తొందరేముంది, నేనెక్కడికి పోతాను?"