ఇటు పురి, అటు పురి

చేత్తో నూలు వడికే మా చేనూలు సంఘంలో పోయిన చలికాలమంతా ఒక్క మూర నూలు కూడా తయారు కాలేదని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. కార్యదర్శి హోదాలో దీన్ని ఖండించే బాధ్యత నా మీద పడింది. నూలు తయారైంది. తయారై, ఒక సాయంత్రమంతా నూలుగానే ఉంది. ఆ తర్వాత ఏమైందన్నది పాఠకులు ఓపిగ్గా వింటే తెలుస్తుంది.

మా సంఘం ఆఫీసు ఒక మేడగది. ఆ ఇంటి పెద్దావిడను అందరం మామ్మగారు అంటాం. ఆమె కింద వాటాలో ఉంటుంది. గదిని ఊరికే వాడుకోమని ఇస్తూ ఆమె ఒకే ఒక్కటి అడిగింది. "చలి ముదిరేలోగా మీరు వడికిన నూలుతో నాకో శాలువా అల్లిపెట్టండి నాయనా. కొట్లో కొన్నవి కప్పుకుంటే ఒళ్ళంతా ఒకటే దురద." మెత్తటి ఉన్ని బస్తా కూడా తనే తెప్పించి మేడ మీదికి చేర్పించింది. ఇంత చిన్న కోరికా అని మాకు నవ్వొచ్చింది. శాలువాదేముంది, ముందు విధానం తేలాలి కదా.

విధానమంటే, కదురుతో వడకాలా, రాట్నంతో వడకాలా అన్నది. కదురంటే ఒక పుల్ల, దానికో బిళ్ళ. వేళ్ళతో తిప్పి వదిలితే గిర్రున తిరుగుతూ ఉన్నికి పురి ఎక్కిస్తుంది. జేబులో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. రాట్నానికి చక్రముంటుంది, దాన్ని పెట్టుకోవడానికి చోటు కావాలి, పని మాత్రం జోరుగా సాగుతుంది. మామూలు మనిషైతే ఏది చేతికందితే దాంతో మొదలుపెడతాడు. మా సంఘంలో మామూలు మనుషులను చేర్చుకోలేదు.

కదురు పక్షానికి నాయకుడు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఈయన మామ్మగారి అల్లుడు. రాట్నం పక్షానికి నాయకుడు గడియారాలు బాగుచేసే ఆయన. ఈయన మామ్మగారి కొడుకు. బావా బావమరుదులిద్దరూ ఒకరి మాట ఒకరు ఎంతో శ్రద్ధగా వింటారు. వినకుండా కాదనడం మర్యాద కాదని ఇద్దరికీ తెలుసు.

తొలి సమావేశంలో మాస్టారు ఛాతీ విరుచుకుని, "కదురు నిలబడి తిప్పే సాధనం. నిలబడి చేసేదే పని. కూర్చుని చేసేది కాలక్షేపం" అని ప్రసంగించారు. దానికి జవాబుగా గడియారాల ఆయన, ప్రపంచంలో పనికొచ్చే ప్రతి వస్తువులోనూ ఎక్కడో ఒక చక్రం తిరుగుతూ ఉంటుందనీ, ఈ సంగతి తమ బావగారికి తప్ప అందరికీ తెలుసనీ సెలవిచ్చారు. ఆ రోజు నుంచి కదురు పక్షంవారు సభల్లో కుర్చీలు ముట్టుకోవడం మానేశారు. రాట్నం పక్షంవారు కుర్చీల్లోంచి లేవడం మానేశారు. నేను మెట్లు దిగుతుంటే, చెవులకు తువ్వాలు చుట్టుకున్న మామ్మగారు నూలు ఎంతవరకొచ్చిందని అడిగింది. చర్చ చాలా ఉన్నత స్థాయిలో ఉందని చెప్పాను.

ఒక సాయంత్రం మామ్మగారి కూతురు, అంటే మాస్టారి భార్య, టీ పట్టుకుని పైకొచ్చింది. రాట్నాన్ని కాసేపు పరీక్షగా చూసి, "తమ్ముడూ, చక్రం తిప్పితే ఈ చివర తిరిగేది కూడా కదురే కదరా?" అంది. సంఘం చరిత్రలో మొదటిసారిగా ఉభయ పక్షాలూ ఏకమై తీర్మానం చేశాయి. టీ ఇచ్చినందుకు ఆమెకు కృతజ్ఞతలు తెలుపుతూ, ఇకమీదట దాన్ని మెట్ల మీదే పెట్టి వెళ్ళవలసిందిగా కోరాయి.

తర్వాత దిక్కుల సమస్య వచ్చింది. కదురును ఎప్పుడూ కుడివైపుకే తిప్పాలని మాస్టారు నియమం పెట్టారు. అవతలివాళ్ళు చేసిందే తామూ చేస్తే పక్షానికి అర్థమేముంది? కాబట్టి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముళ్ళను కుడివైపుకి నడిపిస్తున్న గడియారాల ఆయన, రాట్నాన్ని ఎడమవైపుకి మాత్రమే తిప్పుతానని అందరి ముందూ ప్రమాణం చేశారు. ఈ త్యాగానికి కొందరి కళ్ళు చెమర్చాయి.

ఈలోపు చలి వచ్చేసింది. కింది నుంచి మామ్మగారి దగ్గు పైకి వినబడసాగింది. సభకు అంతరాయం కలుగుతోందని కిటికీ మూయించాం. దాంతో ఆవిడే పైకి ఎక్కి వచ్చింది. కిటికీ పరదా ఊడదీసి కప్పుకుని, గడపలో నిలబడి వణుకుతోంది.

"మీ మాటలతో ఈ గది బాగానే వేడెక్కుతోంది. ఆ వేడి కిందికి దిగట్లేదు నాయనా. ఆదివారానికి శాలువా అన్నా ఇవ్వండి, గదన్నా ఇవ్వండి."

గది పోతే చర్చ ఎక్కడ జరుపుకోవాలి? అప్పటికప్పుడు రాజీ కుదిరింది. కదురుతో ఒక పోగు, రాట్నంతో ఒక పోగు వడికి, రెండూ కలిపి పేని, ఆ రెండు పేటల నూలుతో శాలువా అల్లాలి. దానికి ఐక్యతా నూలు అని పేరు పెట్టాం. ఇద్దరూ పంతం మీద కూర్చుని, క్షమించాలి, ఒకరు కూర్చుని ఒకరు నిలబడి వడికారు. ఏ పోగుకా పోగు ముచ్చటగా వచ్చింది. రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఆ సాయంత్రమంతా అభినందన ప్రసంగాలు చేసుకున్నాం.

మర్నాడు పేనేటప్పుడు ఒక్క చిక్కు వచ్చింది. ఎటువైపుకి పేనాలి? సగం దూరం ఎడమకీ, సగం దూరం కుడికీ అని నేను సూచించాను. నా నిష్పక్షపాతానికి చప్పట్లు మోగాయి.

తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. పోగును పోగుగా నిలబెట్టేది పురి. రెండు పోగులూ ఒకేవైపు వడికి, రెండోవైపు పేనితే అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. మావి ఒకటి కుడి, ఒకటి ఎడమ. ఎడమకి పేనినంతసేపూ కదురు పోగు పురి విప్పుకుని మళ్ళీ ఉన్ని అయిపోయింది, రాట్నం పోగు బిగుసుకుని ముడతలు పడి పుటుక్కున తెగింది. కుడికి పేనినంతసేపూ రాట్నం పోగు ఉన్ని అయింది, కదురు పోగు తెగింది. ఎవరికీ అన్యాయం జరగలేదు.

"ముందు విడిపోయింది మీ పోగే బావా" అన్నారు గడియారాల ఆయన.

"తర్వాత విడిపోయింది నీది కాదూ?" అన్నారు మాస్టారు.

ఆ వాదం తెమలక ముందే మాస్టారి భార్య వచ్చింది. బల్ల మీది ఉన్నినీ, బస్తాలో మిగిలిన ఉన్నినీ బుట్టకెత్తుకుని దిగిపోయింది. రెండు పాత దుప్పట్ల మధ్య ఆ ఉన్ని అంతా సమంగా పరిచి, చుట్టూ కుట్టి, నడుమ అడ్డంగా నిలువుగా నాలుగు కుట్లు వేసింది. చీకటి పడేసరికి మామ్మగారు ఆ బొంతలో దూరి ముఖం మాత్రం బయటపెట్టి, చిన్నపిల్లలా నవ్వుతోంది. దగ్గు సద్దుమణిగింది.

"ఇదేదో ముందే చేసుంటే పోయేది కదే."

"ముందే చేస్తే వీళ్ళకి పనేముంటుందమ్మా" అంది కూతురు.

మామ్మగారు సంతోషించి గది మాకే ఉంచింది. పైన ప్రసంగాలు సాగుతుంటే హాయిగా నిద్ర పడుతోందట. మర్నాడే సభ జరిగింది. బొంతలో ఛాతీ మీదికొచ్చే వెచ్చదనం కదురు పక్షానిదని మాస్టారూ, పాదాల దగ్గరి వెచ్చదనం రాట్నం పక్షానిదని గడియారాల ఆయనా ప్రకటించారు. ఇది తేలాలంటే ఓట్లు కావాలి, అందుకే కొత్త సభ్యులను చేర్చుకుంటున్నాం. ఇంతదాకా చదువుతూ మీరు కూడా లోలోపల ఏదో ఒక పక్షానికి మొగ్గే ఉంటారు. తప్పక వచ్చి చేరండి, వడకడం వచ్చా అని ఇక్కడ ఎవరూ అడగరు. వడకడం వచ్చినవాళ్ళు మాత్రం దయచేసి రావద్దు. పని మొదలుపెట్టి చర్చ పాడుచేస్తారు.