ఊరెళ్ళిన మనిషి సంతకం

అంపోమాకి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏ పనీ గడువులోగా చేసిన పాపాన పోలేదు. పెళ్ళికి మూడు గంటలు ఆలస్యంగా వచ్చి, లారీ టైరు పేలిందన్నాడు. ఎనిమిదో రోజున జరగాల్సిన పెద్దకూతురి నామకరణం, ఆ పిల్ల కూర్చోవడం నేర్చుకున్నాక జరిపించాడు. ఇంటి పైకప్పు వానాకాలం వెళ్ళాక వేయించాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ముందుగా చేసిన పని ఏదైనా ఉంటే, నైజీరియా కాగితాల గడువు ఇంకా పదకొండు రోజులుందనగానే చనిపోవడం.

ఆ సోమవారం ఇద్దరూ కలిసి కుమాసీ వెళ్ళి, నోటరీ ముందు సంతకం చేసి, కాగితాన్ని లేగోస్‌లో ఉన్న లాయరుకి పంపాలి. ఆమె ముందురోజే ఆయన పంచె ఇస్త్రీ చేసింది. పొద్దున్నే మొక్కజొన్న జావ కాచి, అలసంద వడలు వేసింది.

"రేపు నీ కళ్ళజోడు మర్చిపోకు" అన్నాడాయన ఆదివారం సాయంత్రం.

"సంతకం పెట్టేది మీరు. కళ్ళజోడు నాకెందుకు, బస్సులో దిగబోయే ఊరి పేరు చదవడానికా?"

ఆయన నవ్వాడు. "రేపు చెప్తాలే" అన్నాడు. రేపటికి వాయిదా వెయ్యడం ఆయనకి కొత్త కాదు గనక ఆమె రెట్టించలేదు. పొద్దున జావ చల్లారిపోతోందని లేపితే లేవలేదు.

ఆమె భర్త నానా అమోవా ఒడుమాక్రోమ్‌ అనే ఊరికి పెద్ద. పీఠం చిన్నదే గాని, దాని మర్యాదలు పెద్దవి. పీఠమెక్కక ముందు ఆయన ఇనప పని చేసేవాడు, ఎక్కాక కూడా మానలేదు. అంపోమా కర్రపెండలంతో గారీ అనే రవ్వ వేయించి అమ్మేది. తురిమి, పులియబెట్టి, పిండిన కర్రపెండలాన్ని వెడల్పాటి మూకుడులో వేసి కలుపుతూ కూర్చుంటే, పొయ్యిలోంచి వచ్చే పొగకి కళ్ళు తప్ప వేరే దారి దొరకదు. ఆమె కళ్ళు మసకబారడం మొదలైన ఏడు ఆయన పొగ రాని పొయ్యి చేస్తానన్నాడు. నెల రోజుల్లో అన్నాడు, తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ పొయ్యికి సొంత దేశంలో పేటెంటు వచ్చింది. బయటి దేశాల కోసం జెనీవాకి దరఖాస్తు వెళ్ళింది.

"అంటే ఇక ప్రపంచమంతా మనదేనా?" అని అడిగిందామె అప్పుడు.

"చావు పోస్టరు ఊరంతా అంటిస్తాం. అయినా ముఖ్యమైన వాళ్ళకి గడప గడపకీ వెళ్ళి చెప్పాలా వద్దా? ఇదీ అంతే. జెనీవాది పోస్టరు. ముప్పై నెలల్లోగా ఏ దేశంలో హక్కు కావాలో ఆ దేశం గడప మనమే తొక్కాలి."

తొక్కాల్సిన గడప నైజీరియా. గారీ లేనిదే పొద్దు గడవని ఇళ్ళు అక్కడ కోట్లలో ఉన్నాయి. పై వారం శుక్రవారంలోగా దరఖాస్తుదారు సంతకంతో కాగితం అందకపోతే, ఆమె కళ్ళ కోసం పుట్టిన పొయ్యి అక్కడ ఊరూ పేరూ లేనిదైపోతుంది. ఆయన పోయాక ఆయనకి సంబంధించి చెయ్యడానికి ఆమెకి మిగిలిన పని అదొక్కటే.

చిక్కేమిటంటే, ఆయన పోలేదు. ఊరిపెద్ద చనిపోడు, ఊరెళతాడు. పైపీఠానికి, అంటే ఊరిపెద్దల మీది రాజుకి, కబురు వెళ్ళి, గొర్రెతో పాటు జిన్ సీసాలు చేరి, వాళ్ళు సరే అన్నాక గాని చావు చావు కాదు. అందాకా నల్లబట్ట కట్టకూడదు. గొంతెత్తి ఏడవకూడదు. రోజూ ఆయనకి ఫుఫూ, అంటే దంచిన కర్రపెండలం ముద్ద, వండి పంపాలి.

"ఊరెళ్ళిన మనిషికి ఫుఫూ ఎందుకు పెద్దాయనా?" అంది అంపోమా.

"ఊరెళ్ళిన వాడికి కాదమ్మా. చూసే వాళ్ళకి" అన్నాడు ఒపానిన్ తబిరి. ఆయన నానాకి మేనమామ, వంశానికి పెద్ద. చూసేవాళ్ళ కోసం వండిన ఫుఫూని ఎవరూ చూడకుండా తినే బాధ్యత ఆయన రెండు పూటలా స్వయంగా మోశాడు. మేక మాంసం పులుసైతే మారు కూడా అడిగేవాడు.

ఆస్తి పెళ్ళాం పిల్లలకి కాక మేనమామ వంశానికి పోవడం అక్కడి పద్ధతి. అందుకని సోమవారం మధ్యాహ్నానికే నానా గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకున్నాడు తబిరి. లోపల కాసేపటికి ఫోను మోగింది.

"ఆయన ఫోను మోగుతోంది పెద్దాయనా."

"మోగనీ. నానా ఊళ్ళో లేరు."

మంగళవారం మోగింది. బుధవారం ఒక్కసారి మోగింది. గురువారం మోగలేదు. తలుపు బయట నిలబడి చాలాసేపు విన్నది అంపోమా. తర్వాత పెరట్లోకి వెళ్ళింది. కొత్త పొయ్యికి పొగ రాదు గనక, ఏడవడం కోసం, మూల పడేసి ఉన్న పాత పొయ్యిని ముట్టించింది.

లేగోస్ లాయరు ఓయెదిరాన్ అంతకుముందు రోజు, బుధవారమే, ఆమె ఫోనుకి చేశాడు.

"అమ్మా, నానా గారు ఫోను తియ్యడం లేదు. దరఖాస్తుదారు సంతకం ఎప్పుడు పంపుతారు?"

తబిరి ఎదురుగా కూర్చుని ఆమె పెదవులు చూస్తున్నాడు. "ఆయన ఊరెళ్ళారండీ" అంది.

లాయరు గొంతు తగ్గించాడు. "ఎప్పుడు వెళ్ళారమ్మా?"

"సోమవారం పొద్దున."

"ఒక్కరేనా?"

"ఒక్కరే."

"మీరు వేళకి తింటున్నారా?" అని అడిగి, జవాబు రాకముందే ఫోను పెట్టేశాడు. లాయర్లు ఇలాంటివి కూడా అడుగుతారా అనుకుందామె.

మరుసటి మంగళవారం మళ్ళీ ఫోను. ఇంక మూడు రోజులే ఉందనీ, కాగితం ఏ ఊరైనా పంపగలననీ అన్నాడు. ఈసారి తబిరి ఫోను లాక్కున్నాడు. "సంతకం కుదరదు. నానా చెయ్యి బెణికింది" అన్నాడు.

"పోనీ వేలిముద్ర?"

తబిరి ఆలోచించాడు. "వేలు కూడా ఆ చేతికే ఉంది" అన్నాడు.

ఈ మాట నాలుగ్గోడల మధ్య ఉండిపోతే బాగుండేది. తబిరి మెల్లగా మాట్లాడే మనిషి కాదు. సాయంత్రానికి నానా చెయ్యి బెణికిందన్న వార్త ఊరు దాటింది. నానా పోయాడని లోలోపల అందరికీ తెలుసు. కాని చెయ్యి బెణికిందని పెద్దాయన స్వయంగా అన్నాక, వెళ్ళి పలకరించకపోతే పోయాడని పైకి అన్నట్టే అవుతుంది. ఆడవాళ్ళు గుడ్లు తెచ్చారు. ఎవరో కోడిపుంజుని తెచ్చి గుమ్మానికి కట్టారు. బుధవారం తెల్లారేసరికి పక్క ఊరి నుంచి ఎముకలు సరిచేసే వైద్యురాలు వచ్చి, వాకిట్లో పీట వేసుకుని, మర్దనకి తెచ్చిన షియా వెన్న డబ్బా మూత తీసి కూర్చుంది.

"చెయ్యేది?" అంది.

"ఊరెళ్ళింది" అన్నాడు తబిరి.

"మరి నేనెవరికి పట్టాలి?"

"నీకు కబురెవరు పెట్టారు?"

"కబురు పెడితే వచ్చేదాన్నైతే నాకింత పేరెలా వస్తుంది? చెయ్యి చూపించేదాకా కదలను. కదిలితే నా చేతికి గుణం లేదంటారు."

మధ్యాహ్నం దాకా ఆమె కదల్లేదు. ఫుఫూ కూడా ఆమే తినేసింది. కడుపు కాలిన తబిరికి ఇంక ఓపిక లేకపోయింది. "చెయ్యి నయమైపోయింది, నీ పేరు విని దానంతటదే సర్దుకుంది, వెళ్ళు తల్లీ" అన్నాడు. వైద్యురాలు ఆ సంగతి దారి పొడవునా చెప్పుకుంటూ వెళ్ళింది.

అంతలో లాయరు ఫోను. వాకిట్లో పదిమంది వింటుండగా చెయ్యి నయం కాలేదనడానికి లేదు. "నయమైంది" అన్నాడు తబిరి.

"సంతోషం. అయితే రేపు పదింటికి వీడియోలో చూద్దాం. దరఖాస్తుదారు కెమెరా ముందు కూర్చుని నేను చూస్తుండగా సంతకం పెడితే చాలు. మీకు పంపిన కాగితం దగ్గర పెట్టుకోండి."

ఫోను పెట్టేశాక తబిరి పాలిపోయాడు.

"నిజం చెప్పేద్దాం పెద్దాయనా" అంది అంపోమా. "ఆయన మర్యాద కోసం ఆయన పనినే పోగొట్టుకుంటున్నాం."

"పైపీఠానికి చెప్పకుండా పైదేశం వాడికి చెప్తావా? ఆ పొయ్యి రేపు మా వంశానిది. దాని మంచిచెడ్డలు నేను చూసుకుంటా."

ఆయన చూసుకున్న విధం గురువారం పదింటికి బయటపడింది. నానా పంచె భుజం మీదుగా కప్పుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఇంట్లోనే పెద్ద గొడుగు కింద కూర్చున్నాడు తబిరి. ఊరిపెద్ద నలుగురిలో నేరుగా మాట్లాడడు, ఆయన మాట మోసే మనిషి వేరే ఉంటాడు. అది తనకి కలిసొచ్చిందనుకున్నాడు. ఆ మనిషి, పీపిమ్, చేతికర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అతనికి ఈ పని నచ్చలేదు గాని, నలభై ఏళ్ళుగా ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట మోసిన అలవాటు అంత తేలిగ్గా పోదు. ఆ పంచె మడతలు తను పెట్టిన ఇస్త్రీవే అని గుర్తుపట్టి అంపోమా ముఖం తిప్పుకుంది.

తెర మీద లాయరు కనిపించాడు. గొడుగు కింది మనిషిని చూడగానే లేచి, కెమెరాకి అందకుండా కిందికి పోయాడు. పెద్దలకి నేల మీద బోర్లా పడి దండం పెట్టడం లాయరు వైపు వాళ్ళ ఆచారం. కాసేపటికి టై సర్దుకుంటూ పైకొచ్చాడు.

"నానా గారికి దండాలు. దరఖాస్తుదారు ఎక్కడ?"

పీపిమ్ వంగి, విని, నిటారుగా అయ్యాడు. "నానా అంటున్నారు, ఎదురుగా కూర్చున్నాను కదా అని."

"క్షమించాలి. మీ ఇంట్లో తెలుసనుకున్నాను. మొన్న మంగళవారం మీతో మాట్లాడాక జెనీవా రికార్డు తీసి చూశాను. దరఖాస్తులో నానా పేరు లేదు. మూడు నెలల కిందట ఆయనే రాసి తన పేరు తీయించి, మరొకరి పేరు చేర్పించారు. ఆ సంగతి ఆయన ఫోనుకి కూడా వచ్చే ఉంటుంది."

"ఎవరి పేరు?" అన్నాడు తబిరి, మర్యాద మరిచి.

"నానా అంటున్నారు, ఎవరి పేరు అని" అన్నాడు పీపిమ్.

"శ్రీమతి అంపోమా."

గొడుగు కింద కూడా వాన పడినట్టు తడిసిపోయాడు తబిరి. ఈసారి పీపిమ్ కోసం ఆగలేదు. "అది వంశానికి రావాల్సింది."

"బతికుండగా చేతికిచ్చేసింది వంశానికెలా వస్తుంది, పెద్దాయనా?" అన్నాడు లాయరు మెల్లగా. నానా అనలేదు, పెద్దాయనా అన్నాడు. 

"మీకు తెలుసా?" అంది అంపోమా.

"మొదటి రోజే తెలుసమ్మా. మా దగ్గర రాజులు కూడా చనిపోరు, అటకెక్కుతారు. మా నాన్నగారి ఊళ్ళో ఒకాయన ఎక్కి ఏడాదైంది, ఇప్పటికీ ఆయన బూట్లు తుడుస్తున్నారు. ఆయన 'ఒక్కరే' వెళ్ళారని మీరన్నప్పుడు ఇంకేం అడగాలో తోచలేదు. కాగితం మీద సంతకం పెట్టండి. ఫోటో ఇప్పుడు పంపండి, అసలుది తర్వాత రావచ్చు. రేపు పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉంటాను."

ఆమె కాగితం దగ్గరికి తీసుకుంది. అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు కోసం వెతికితే, సోమవారం కుమాసీకి సర్దిన చేతిసంచిలో, అలసంద వడల పొట్లం పక్కన ఉంది. అప్పుడర్థమైంది ఆమెకి, ఆదివారం సాయంత్రం ఆయన ఎందుకు నవ్వాడో. కళ్ళజోడు పెట్టుకున్నా అక్షరాలు కుదురుగా నిలబడలేదు. పీపిమ్ చేతికర్ర పక్కన పెట్టి, కాగితం మీద కన్నీళ్ళు పడకుండా తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె సంతకం చేసింది.

తెర ఆరిపోయాక తబిరి పీపిమ్ చెవిలో ఏదో అన్నాడు.

"నానా అంటున్నారు, తబిరి తప్పు చేశాడట" అన్నాడు పీపిమ్.

"నానా ఊళ్ళో లేరు" అంది అంపోమా. "తబిరినే చెప్పమను."

పెద్దాయన నల్లకళ్ళద్దాలు తీశాడు. ఆ కళ్ళు ఆమె కళ్ళ కన్నా ఎర్రగా ఉన్నాయి. ఆయనకి ఏడవడానికి పాత పొయ్యి కూడా లేదని ఆమెకి అప్పటిదాకా తోచలేదు. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. "చిన్నప్పుడు వాణ్ణి నా భుజాల మీద మోశాను. పోయాడని అంటే నా నోరే తగలబడుతుందనుకున్నా." నడుముకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

గదిలో ఆయన మంచం మీద కూర్చుని, ఫోనుకి కరెంటు పెట్టి, అది వెలిగేదాకా చూసింది అంపోమా. జెనీవా ఉత్తరం అందులో ఉంది. తేదీ చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. గడువుకి మూడు నెలల పైనే ఉండగా చేయించాడు. చెప్పడం ఒక్కటే చివరిరోజుకి వాయిదా వేశాడు.

"నాదే పొరపాటు" అంది పైకే. "ఈసారి మీరు ముందే చేశారు."

ఆమె నోట ఆ మాట వినాలని ముప్పై ఎనిమిదేళ్ళు కాచుకున్న మనిషి, తీరా అన్ననాడు ఊళ్ళో లేడు.