నూరేళ్ళ ఉత్తరం మీద ఎవరి సంతకం

లండన్‌లో ఉండే రాజుగారికీ, ఆయన వారసులకూ కడదాకా విధేయుడిగా ఉంటానని బైబిల్ మీద చెయ్యివేసి ప్రమాణం చేసిన పదకొండో నిమిషంలో, మాన్యశ్రీ కీరన్ ట్రెలోర్ గారు ఆస్ట్రేలియాకి ఇక రాజు అక్కర్లేదని ప్రకటించారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయనకిచ్చిన మంత్రిపదవే అది, గణతంత్ర వ్యవహారాల శాఖ. రాజుగారిని సాగనంపే పనైనా సరే, రాజుగారి పేరు మీద ప్రమాణం చెయ్యందే మొదలుపెట్టడానికి వీల్లేదు.

"మన దేశాధినేత మనలో ఒకరై ఉండాలి. రాజుగారి స్థానంలో ప్రెసిడెంటు వస్తారు," అన్నారు మంత్రిగారు కెమెరాల వైపు గడ్డం ఎత్తి. "అంతమాత్రాన ప్రజలు కంగారు పడక్కర్లేదు. ఏదీ మారదు. అది నా హామీ."

"ఏదీ మారకపోతే ఇదంతా ఎందుకండీ?" అని అడిగాడు ఒక విలేకరి.

"అందులోనే ఉంది దీని గొప్పతనం," అన్నారు మంత్రిగారు. మర్నాడు పేపర్లు ఆ మాటని పెద్దక్షరాల్లో వేశాయి.

ఆ ప్రకటనని రాజధాని కాన్‌బెర్రాకి ఏడుగంటల ప్రయాణం దూరంలో, గోధుమ చేల మధ్య ఉన్న యారంబిల్లా ఊళ్ళో, మంత్రిగారి నియోజకవర్గం ఆఫీసులో కూర్చుని నోలీన్ హస్కిన్ టీవీలో చూసింది. చూసి, చేతిలో ఉన్న ఫారం వంక చూసుకుని, "అయిందిరా దేవుడా" అనుకుంది.

నోలీన్ ఆ ఆఫీసుకి మేనేజరు. ఇరవై రెండేళ్ళలో ముగ్గురు ఎంపీలు మారారు, రెండు పార్టీలు మారాయి, నోలీన్ మాత్రం అదే కుర్చీలో ఉంది. మంత్రిగారి సంతకం రబ్బరు ముద్ర ఉండే పెట్టె తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ప్రజల ఉత్తరాలకి జవాబులు ఆవిడే రాస్తుంది, ముద్ర ఆవిడే వేస్తుంది. ఇక ఆ ఫారం సంగతి. ఎవరికైనా నూరేళ్ళు నిండితే రాజుగారు సంతకం పెట్టి శుభాకాంక్షల ఉత్తరం పంపుతారు. దానంతటది ఊడిపడదు. ఇంటివాళ్ళు ఫారం నింపి ఎంపీ ఆఫీసులో ఇవ్వాలి, ఎంపీ కింద స్వయంగా సంతకం పెట్టాలి. ఊళ్ళోవాళ్ళ కోసం అలాంటివి అరవై మూడు పంపింది నోలీన్. ఈ అరవై నాలుగోది వాళ్ళ అమ్మది.

వాళ్ళమ్మ ఎనిడ్ హస్కిన్‌కి జూన్ రెండో సోమవారానికి నూరేళ్ళు. వృద్ధాశ్రమంలో కిటికీ పక్క మంచం. నోలీన్ వెళ్ళిన ప్రతిసారీ మొదటి ప్రశ్న అదే.

"ఏమే, ఫారం పంపావా?"

"ఇంకా టైముందమ్మా."

"నీకుంది టైము. నాకెక్కడిదే?"

"అసలు ఆ ఉత్తరం ఎందుకమ్మా నీకు? అందులో రాసేది రెండు లైన్లు. పక్కగది మేవిస్ గారు ఫ్రేము కట్టించుకుంది కదా, చూశావుగా."

"ఫ్రేములూ గీములూ నాకెందుకు? దాంతో నాకు పనుంది."

"ఏం పని?"

"వచ్చాక చెప్తా. రాకుండానే పోతే చెప్పకుండానే పోతా. నువ్వే బుర్ర బద్దలు కొట్టుకుంటూ కూర్చో."

కిందటి చలికాలం ఎనిడ్‌కి న్యుమోనియా చేసింది. డాక్టరు నోలీన్‌ని వరండాలోకి పిలిచి, ఎవరెవరికి కబురు చెయ్యాలో చేసెయ్యండన్నాడు. మూడోనాడు ముసలావిడ కళ్ళు తెరిచి, "ఇంకా తొంభై తొమ్మిదే కదా?" అని అడిగి, టోస్టు తెమ్మంది. ఆ ఉత్తరం కోసమే అమ్మ ప్రాణం పట్టుకుని ఉందని నోలీన్‌కి ఆరోజు అర్థమైంది. అప్పట్నుంచి ఆవిడకి భయం పట్టుకుంది.

శుక్రవారం మంత్రిగారు యారంబిల్లా రాగానే నోలీన్ ఫారం ముందు పెట్టింది.

"నోలీన్," అన్నారు మంత్రిగారు, పేరు చదివి, కుర్చీలో వెనక్కి వాలి. "మీరు నా కొంప ముంచుతున్నారు. గణతంత్ర మంత్రి ఆఫీసు మేనేజరు తల్లికి రాజుగారి ఉత్తరమా? పేపరువాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"ఆవిడకి అదొక్కటే కోరిక, కీరన్."

"కోరిక తీరుద్దాం. ఉత్తరం ఇద్దాం. రాజుగారిది కాదు, ప్రజలది! దేశంలో మొట్టమొదటి గణతంత్ర శుభాకాంక్షల ఉత్తరం. మన గణతంత్ర ఉద్యమం యారంబిల్లాలోనే ప్రారంభిద్దాం, ఆవిడ పుట్టినరోజునే, ఆవిడ చేతికే. నూరేళ్ళు రాజుల్నీ రాణుల్నీ చూసిన తల్లి, చివరికి ప్రజల ఉత్తరం అందుకుంటుంది. చూడండి, నాకే కళ్ళు చెమరుస్తున్నాయి."

"ఆరోజు రాజుగారి పుట్టినరోజు సెలవు కదా?"

"అందుకే. మామూలు రోజైతే మీటింగుకి ఎవడొస్తాడు?"

"మరి గణతంత్రం వచ్చాక ఆ సెలవు?"

"ఉంటుంది," అన్నారు మంత్రిగారు నొచ్చుకుని. "నేను గణతంత్రవాదిని నోలీన్, పిచ్చివాణ్ణి కాదు."

ఆ ప్రజల ఉత్తరం మీద సంతకం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. మంత్రిగారు తన పెన్ను వైపు ఒకసారి ఆప్యాయంగా చూసుకున్నారు. కానీ నిరాడంబరుడు కనక, దాన్ని స్థానిక గణతంత్ర సంఘం తేలుస్తుందన్నారు. తన పేరు వాళ్ళంతట వాళ్ళే తెస్తే కాదనలేరు కదా. ఫారం మాత్రం సంతకం లేకుండా సొరుగులోకి పోయింది. ఆ రాత్రి నోలీన్ నిద్రపోలేదు. రబ్బరు ముద్ర గుర్తొచ్చింది. దొంగతనంగా తెచ్చిన ఉత్తరం అమ్మ చేతిలో పెట్టలేనని కూడా గుర్తొచ్చింది.

యారంబిల్లా గణతంత్ర సంఘంలో పదకొండుమంది సభ్యులు. పదకొండుమందీ నికార్సైన గణతంత్రవాదులు, ప్రతి ఒక్కరూ రాజుగారంటే పడనివారే. బౌలింగ్ క్లబ్బు వెనకగదిలో, రాజుగారి పటం కింద సమావేశమయ్యారు. పటం తీస్తే గది అద్దెకివ్వబోమని క్లబ్బువాళ్ళు చెప్పడంతో దాని వైపు వీపు పెట్టి కూర్చున్నారు. మినిట్స్ రాయడానికి నోలీన్ వచ్చింది.

రిటైర్డ్ హెడ్మాస్టరు డెస్మండ్ లేచాడు. "గణతంత్రమంటే ప్రజలు. కాబట్టి సంతకం పెట్టే మనిషిని ఊరు మొత్తం ఓటేసి ఎన్నుకోవాలి."

"ఓట్లు పెడితే రాజకీయం అయిపోదూ?" అంది లాయరు ఇలోనా బర్జెస్. "రేపెవరో ఫుట్‌బాల్ ఆటగాడు నిలబడి గెలుస్తాడు. కౌన్సిలు మూడింట రెండొంతుల మెజారిటీతో హుందాగా ఒకరిని నియమించాలి."

"అంటే మీ రాజకీయ నాయకులు తలుపులేసుకుని తేలుస్తారన్నమాట. అది గణతంత్రమా?"

"అంటే మీకు జనం మీద నమ్మకం, నాకు లేదనా?"

"మీకెప్పుడుందమ్మా? చెరువు గట్టు కేసులో నా మీద వాదించినప్పుడే తెలిసింది."

"ఆ కేసు నువ్వు ఓడిపోయావు కాబట్టి ఇలా ఉన్నావు."

పళ్ళ డాక్టరు క్లైవ్ చెయ్యెత్తి, ఎవరి దస్తూరీ బాగుంటే వాళ్ళతో పెట్టిస్తే పోలా అన్నాడు. రెండు వర్గాలూ కలిసి ఆయన్ని కూర్చోబెట్టాయి. ఆ సాయంత్రం అందరూ ఏకమైన సందర్భం అదొక్కటే. మంత్రిగారి పేరు ఎవరూ ఎత్తలేదు.

ఓటింగు పెట్టారు. రాజుగారి బదులు ఊరు ఎన్నుకున్న మనిషి సంతకం పెట్టాలా? డెస్మండ్ పక్షాన ఐదుగురు ఔనన్నారు, ఆరుగురు కాదన్నారు. రాజుగారి బదులు కౌన్సిలు నియమించిన మనిషి పెట్టాలా? ఇలోనా పక్షాన ఐదుగురు ఔను, ఆరుగురు కాదు. దస్తూరీ ప్రతిపాదనకి క్లైవ్ ఓటు క్లైవ్‌కి పడింది.

"ఇప్పుడేమిటి?" అన్నాడు డెస్మండ్.

నోలీన్ నియమావళి తిరగేసింది. "తొమ్మిదో నిబంధన. మార్పేదీ నెగ్గకపోతే పాత పద్ధతే కొనసాగుతుంది."

రొట్టె కోసం కొట్టుకున్న పిల్లులు రెండూ మొహాలు చూసుకున్నాయి. రాజుగారంటే పడని పదకొండుమంది, ఒక్కరూ ఆయనకి ఓటెయ్యకుండా, రాజుగారిని ఎన్నుకున్నారు.

"ఆ ముక్క అలా రాయకండి," అంది ఇలోనా కంగారుగా. చివరికి ఆవిడే మాటలు చెప్పింది, నోలీన్ రాసుకుంది. 'తగిన విధానం తేలేవరకు, ప్రస్తుత సంతకందారునే కొనసాగవలసిందిగా కోరడమైనది.' తీర్మానం ఏకగ్రీవం.

మంత్రిగారు తీర్మానం రెండుసార్లు చదివారు. మొదటిసారి తన పేరు కోసం, రెండోసారి అర్థం కోసం. తర్వాత మొహం వికసించింది.

"అద్భుతం! ఇన్నాళ్ళూ రాజుగారు తనంతట తనే పంపుతున్నాడు. మొదటిసారి మనం తీర్మానం చేసి పంపిస్తున్నాం. అంటే రాజుగారు ఇప్పుడు గణతంత్ర సంఘం ఆదేశం మీద పని చేస్తున్నట్టు. నోలీన్, ఫారం ఏదీ?"

సంతకం పెట్టారు. సిరా ఆరకముందే నోలీన్ పోస్టాఫీసుకి నడిచింది. నడిచిందనడం మర్యాదకి, పరిగెత్తింది.

జూన్ రెండో సోమవారం, రాజుగారి పుట్టినరోజు సెలవునాడు, రాజుగారిని సాగనంపే ఉద్యమం యారంబిల్లాలో ప్రారంభమైంది. బౌలింగ్ క్లబ్బు పచ్చిక మీద సాసేజ్‌లు కాలుతున్నాయి. నాలుగొందలమంది వచ్చారు. మంత్రిగారు ముప్పై నిమిషాలు మాట్లాడి, ఏదీ మారదని పదిహేడుసార్లు హామీ ఇచ్చారు. తర్వాత ఎనిడ్‌ని చక్రాల కుర్చీలో వేదిక మీదికి తెచ్చి, లండన్ నుంచి వచ్చిన కవరు చేతిలో పెట్టారు.

"ఈ తరహా ఉత్తరాల్లో ఆఖరివాటిలో ఇదొకటి!" అన్నారు మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

ఎనిడ్ కవరు చించి, కార్డు తీసి, ముందు సంతకం చూసింది. వేలితో తడిమింది. తర్వాత వెనక్కి తిప్పింది. వెనకంతా తెల్లగా ఉంది. ఆవిడ మొహంలో తృప్తి కనిపించింది.

"నోలీ, పెన్ను." తర్వాత మంత్రిగారి వంక చూసి, "నాయనా, కాస్త వంగు. బల్ల లేదిక్కడ," అంది.

కెమెరాలు చూస్తున్నాయి. మంత్రిగారు నవ్వుతూ వంగారు. ఎనిడ్ ఆయన వీపు మీద కార్డు పెట్టి, ఒక్కో అక్షరం ఒత్తి రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే మాట్లాడింది, మైకు పక్కనే ఉంది కనక అందరికీ వినబడింది.

"యాభై ఏళ్ళ కిందట, నవంబరులో, రాణిగారి పేరు చెప్పుకుని గవర్నర్ జనరల్ ఒకాయన, నేను ఓటేసిన ప్రధానమంత్రిని మధ్యాహ్నం భోజనాలవేళ పీకి పారేశాడు. మర్నాడే రాణిగారికి రాశాను, నేను ఓటేసినవాణ్ణి తియ్యడానికి నువ్వెవరివని. ఎవరో గుమాస్తా రెండు లైన్లు రాశాడు. ఆవిడ సంతకం లేదు. అప్పుడే అనుకున్నా, వందేళ్ళు బతికితే వాళ్ళే సంతకం పెట్టి నాకు రాయాలి కదా. ఉత్తరం రాసినవాడికి జవాబు రాయడం నా హక్కు."

నోలీన్ నోరు తెరుచుకుని నిలబడింది. ఇన్నేళ్ళూ అమ్మకి రాజుగారంటే భక్తి అనుకుంది. వస్తున్నది గర్వమో, ఏడుపో ఆవిడకే తెలియలేదు.

ఎనిడ్ రాస్తూ రాస్తూ ఆగింది. "నాయనా, అడగడం మరిచా. రేపు నీ ప్రెసిడెంటు వస్తాడే. నేను ఓటేసినవాణ్ణి వాడు తియ్యగలడా?"

మంత్రిగారు వంగినచోటు నుంచే మైకు అందుకున్నారు. "కంగారు పడకండి తల్లీ! ఇప్పుడున్న అధికారాలన్నీ అలాగే ఉంటాయి. అక్షరం కూడా మారదు! హామీ!"

చప్పట్లు మారుమోగాయి. డెస్మండూ ఇలోనా కూడా కొట్టారు. ఎనిడ్ చప్పట్లు తగ్గేదాకా ఓపిగ్గా ఆగి, పైన రాసిన రాజుగారి పేరు కొట్టేసి, ఇంకో పేరు రాసింది.

"నోలీ," అంది కార్డు అందిస్తూ, "ఇది లండన్ పంపక్కర్లేదే. స్టాంపు దండగ. మీ ఆఫీసులోనే ఇచ్చెయ్."

ప్రజల ఉత్తరానికి పదిహేను పనిదినాల్లో జవాబివ్వాలని మంత్రిగారి ఆఫీసు నియమం. పద్నాలుగోనాడు నోలీన్ కార్డుని మంత్రిగారి ముందు పెట్టింది. ఆయన ఫోన్లో ఉన్నారు. ప్రెసిడెంటు భవనానికి కొత్త పేరు పెట్టాలా, పాతదే ఉంచాలా అన్నదాని మీద చర్చ. కార్డు చూసి, చెయ్యి అడ్డంగా ఊపి, నాలుగు వేళ్ళు చూపించారు. అంటే నాలుగో నమూనా జవాబు. నోలీన్ దాన్ని టైపు చేసి, తాళం తీసి, ముద్ర వేసి, పోస్టులో వెయ్యడానికి మనసు రాక స్వయంగా పట్టుకెళ్ళింది.

ఎనిడ్ దాన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. 'మీ ఉత్తరం అందినది. అందులో మీరు ప్రస్తావించిన విషయంలో జోక్యం చేసుకొనుట మాకు సముచితం కాదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.'

చదివి, మంచం కింది బిస్కెట్ల డబ్బా తెమ్మంది. అందులోంచి అప్పట్లో రాణిగారి గుమాస్తా రాసిన పసుపుబారిన కాగితం తీసి, మడతలు విప్పి, రెండిటినీ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని, పై నుంచి కిందిదాకా వేలు పెట్టి లైను లైనూ సరిచూసింది. నోలీన్ కూడా భుజం మీదుగా చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగింది.

"అప్పటి కాగితం మందంగా ఉండేదే," అంది ఎనిడ్.