చిలక పేరు మీద నలభై ఒక్క ఇళ్లు

ఒక పెద్ద అడవిలో, పులులూ సింహాలూ వేరే కథల్లో పనులుండి వెళ్లిపోయాక, ఎలుగుబంటి ప్రెసిడెంటయ్యాడు. అక్కడ ఎవరికి గూడు కావాలన్నా, బొరియ కావాలన్నా రికార్డు గదిలో తాబేలు తాత చీటీ రాసివ్వాల్సిందే. చీటీ లేకుండా కాపురం పెడితే ఖాళీ చేయిస్తారు.

తాత రోజుకు మూడు చీటీలు రాసేవాడు. నాలుగోవాళ్లు గట్టిగా అడిగితే తల లోపలికి లాగేసుకునేవాడు. ఇక ఆ పూటకి అంతే సంగతులు.

"తాతని మార్చేద్దామా?" అని ఎవరో అన్నారు.

ఎలుగుబంటి చేతులు అడ్డం పెట్టాడు. "ఆయన్ని ముట్టుకోకండి బాబూ. ఆ రికార్డులు ఆయనకి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఆయన ముందు ఇంకొకరిని కూర్చోబెడదాం."

అలా గదికి ముందు తాటాకు కప్పు వేసి ఒక కౌంటరు కట్టారు. అందులో చిలకని పెట్టారు. అందరూ చిలకని అడగాలి, చిలక లోపలికెళ్లి తాతని అడిగి రావాలి.

మొదటిరోజు తాత "రేపు రా" అన్నాడు. చిలక ఆ మాట పట్టేసింది. ఆ తర్వాత లోపలికెళ్లే శ్రమే లేదు, ఎవరొచ్చినా "రేపు రా". జవాబు క్షణంలో వస్తోందని ఎలుగుబంటి మురిసిపోయి చిలకకి దండ వేయించాడు.

ఏదుపంది నూకాలమ్మకి మాత్రం రేపటిదాకా ఆగే వీల్లేదు. నిండు చూలాలు. మబ్బులు పట్టేశాయి. చినుకు పడేలోగా పొడి చోటు దొరక్కపోతే పిల్లల్ని బురదలో కనాలి. ఆ దిగులుతో ఆమెకి తిండి సహించడం లేదు.

"నీ రేపు నాకొద్దు చిలకమ్మా, లోపలికెళ్లి అడుగు," అని ముళ్లు నిక్కబొడిచింది.

చిలక రివ్వున లోపలికెళ్లింది. "ఒక ఇల్లు కావాలి తాతా."

తాత తలెత్తాడు. ఎదురుగా చిలక. చిలకకి ఎలాంటి ఇల్లు కావాలో ఆయనకి తెలీదూ? రాసిచ్చాడు. చిలకకి మాటలే వచ్చు, చదువు రాదు. తెచ్చి నూకాలమ్మ చేతిలో పెట్టింది.

"మద్దిచెట్టు తొర్ర, ఏడో కొమ్మ. అర్జీదారు: చిలక."

నూకాలమ్మ ఏడో కొమ్మకేసి చూసి చతికిలబడింది. ఆమెని చూసి మిగతావాళ్లూ చిలకని లోపలికి తరిమారు. ఏనుగుకి ఎనిమిదో కొమ్మ వచ్చింది. తొర్రలైపోయాక తాత బొరియలు కూడా రాసేశాడు. ఎలుగుబంటి తన గుహ చీటీ మళ్లీ రాయించుకోబోతే గుహ కాస్తా చిలక పేరు మీదికి పోయింది.

నలభై ఒకటో చీటీ రాసిచ్చాక తాతకి తిక్కరేగింది. "ఒక్క పిట్టకి ఇన్ని ఇళ్లా? పో, ఇక నీకేం ఇవ్వను," అని తల లాగేసుకున్నాడు. దాంతో అడవి మొత్తానికీ చీటీలు ఆగిపోయాయి.

నూకాలమ్మ ఆయాసపడుతూ గది చుట్టూ తిరిగి వెనక కిటికీ కొట్టింది. తాత తల బయటపెట్టాడు.

"చిలక కాని మొహం చూసి ఎన్నాళ్లయిందమ్మా," అన్నాడు, కళ్లొత్తుకుంటూ.

"తాతా, ఆ ఇళ్లు చిలకకి కాదు. మాకోసం అడిగింది."

"ఆ ముక్క అది చెప్పలేదే?"

"మీరు అడగలేదా?"

"అడగమని రూల్లో లేదమ్మా. ఎదురుగా నిలబడ్డవాళ్లే అర్జీదారు. రాసింది కొట్టేసే రూలు కూడా లేదు." తాత రికార్డంతా తిరగేశాడు. "మిగిలింది ఒక్కటే. మొన్న కట్టిన కౌంటరు. దాన్నెవరూ అడగలేదు."

తొలి చినుకు పడేసరికి నూకాలమ్మ కౌంటర్లో ఇద్దరు పిల్లల్ని కని, హాయిగా నిద్రపోయింది. చిలక చిందులు తొక్కబోయి ముళ్లు చూసి ఊరుకుంది. అయినా దానికి ఇళ్లకేం కొదవ?

ఆ తర్వాత అర్జీ పట్టుకుని ఆ దరిదాపులకి ఎవరూ రాలేదు.

"కౌంటరు దగ్గర రద్దీ పూర్తిగా తగ్గింది," అని ఎలుగుబంటి వానలో తడుస్తూ ప్రకటించాడు.

నీతి: ఇల్లు కావాలంటే అర్జీ పెట్టకండి, అర్జీలు పుచ్చుకునే చోట కూర్చోండి.